పడవ సీలెంట్ ట్యూబు తెరిచాక గట్టిపడకుండా దాచడం ఎలా?

గోపాల్‌పూర్ ఫైబర్ పని:

అందరికీ నమస్కారం. గోపాల్‌పూర్‌లో ఫైబర్ పడవలకు మరమ్మతులు చేస్తాను. ఒడ్డున ఒక తాటాకు పాక, గ్రైండరు, నాలుగు రెసిన్ డబ్బాలు, ఇదే నా కార్ఖానా. వచ్చేవన్నీ చిన్న పనులు. ఇంజను బిగించే వెనుక పలకలో బోల్టుల చుట్టూ చెమ్మ దిగుతోందని ఒకరు వస్తారు, నీళ్ళు వదిలే బిరడా పక్కనుంచి కారుతోందని ఇంకొకరు వస్తారు. అలాంటి సందులు మూసే సీలెంట్ ఒక్కో పనికి చాలా కొంచెమే పడుతుంది. అయినా గన్నుతో నొక్కి వాడే 300 మిల్లీలీటర్ల ట్యూబు, అంటే కార్ట్రిడ్జి, తెరవక తప్పదు.

మా దగ్గర బరంపురం దుకాణాల్లో అడిగితే బాత్రూములకు వాడే సిలికాన్ చేతిలో పెడుతున్నారు. పడవకు పనికివచ్చే పాలీయురేథేన్ రకాన్ని విశాఖపట్నం నుంచి తెప్పించుకుంటున్నాను. అంత ఖర్చు పెట్టి తెచ్చిన ట్యూబులో మిగిలిన సగం, తరువాతి పని వచ్చేలోపు రబ్బరు ముద్ద అయిపోతోంది. గట్టిపడేది ముందుండే సన్నని గొట్టం, అదే నాజిల్‌లో మాత్రమే అయితే కొత్త నాజిల్ పెట్టుకునేవాణ్ణి. లోపల కూడా గట్టిపడుతోంది. నాజిల్ చివర టేపు చుట్టి, మేకు గుచ్చి పెడుతున్నాను. వానాకాలంలో అయితే ఆ మాత్రం కూడా ఆగడం లేదు.

ఫ్రిజ్‌లో పెట్టమని ఒకరు, బియ్యం డబ్బాలో పూడ్చమని ఇంకొకరు అన్నారు. నాజిల్‌లో నాలుగు చుక్కల డీజిల్ పోసి మూసేయమని ఒక సరంగు గారు చెప్పారు. వీటిలో నిజంగా పనిచేసేది ఏది? సగం వాడిన ట్యూబును మళ్ళీ నమ్మవచ్చో లేదో ఎలా తేల్చుకోవాలి? నేను మూసిన రంధ్రాన్ని నమ్ముకుని మనుషులు సముద్రం మీదికి వెళతారు. అందుకే వివరంగా తెలుసుకోవాలని అడుగుతున్నాను.

రాయగడ గ్లాసు మేస్త్రి:

నేను పడవలు ఎరగను. రాయగడలో బస్సులకు, లారీలకు ముందు అద్దాలు అతికిస్తాను. మేము వాడేదీ పాలీయురేథేనే కాబట్టి ఈ బాధ మాకూ ఉంది.

మేకు మానేసి స్క్రూ వాడండి. మేకు నున్నగా ఉంటుంది. లాగినప్పుడు గట్టిపడిన ముద్దను లోపలే వదిలేసి తానొక్కటే బయటికి వస్తుంది. స్క్రూ మరలు ఆ ముద్దను పట్టుకుంటాయి. నాజిల్‌లోకి సరిపడా పొడవున్న స్టెయిన్‌లెస్ స్క్రూ తిప్పి పెట్టండి. మళ్ళీ పని వచ్చినప్పుడు ఒక చుట్టు తిప్పి, పట్టకారుతో పట్టి తిన్నగా లాగండి. ముద్దంతా స్క్రూతోపాటు ఊడి వస్తుంది. దాని వెనుక మెత్తని సీలెంట్ నిగనిగలాడుతూ కనబడితే ట్యూబు బతికే ఉందన్నమాట. మామూలు ఇనుప స్క్రూ మాత్రం వద్దు. మీ ఉప్పుగాలికి తుప్పు పట్టి తల విరిగిపోతుంది.

రోజూ అద్దాలు ఉంటే 600 మిల్లీలీటర్ల రేకు పొట్లాలు తెచ్చుకుంటాను, తెరిచిన రోజే అయిపోతాయి. మీకు అంత పని ఉండదు కాబట్టి చిన్న ట్యూబులు దొరికితే అవే కొనండి. మిల్లీలీటరు లెక్కన ధర ఎక్కువే అయినా, పారేసే సగాన్ని కలిపి చూస్తే చిన్నదే చవక.

సోనపురం రేవు:

తమ్ముడూ, ఈ ట్యూబును చంపేది చెమ్మ. అది అర్థమైతే మిగతాదంతా దానంతట అదే తెలుస్తుంది. పెయింటు ఆరడం వేరు, పాలీయురేథేన్ గట్టిపడటం వేరు. పెయింటులో ద్రావకం ఎగిరిపోతే పొర మిగులుతుంది. ఇది అలా కాదు, గాలిలోని నీటి ఆవిరిని పీల్చుకుని లోలోపల అల్లుకుపోతుంది. ఉప్పు డబ్బాలో నీరు ఊరే ఊళ్ళు మనవి. తెరిచిన ట్యూబు ఇక్కడ ఒక్క వానాకాలం ఉండాలంటే టేపు ముక్క చాలదు.

చెమ్మ వచ్చేది ముందునుంచి మాత్రమే కాదు, వెనుకనుంచి కూడా వస్తుంది. అందరూ నాజిల్ మూస్తారు, వెనుక సంగతి పట్టించుకోరు. కార్ట్రిడ్జి వెనుక ఒక ప్లాస్టిక్ బిళ్ళ ఉంటుంది, గన్ను కడ్డీ దాన్ని ముందుకు తోస్తుంది. కడ్డీ ఒక పక్కగా తగిలితే బిళ్ళ ఒరుగుతుంది, అంచు దగ్గర వెంట్రుకవాసి సందు పడుతుంది. నీకు లోపల కూడా గట్టిపడుతోందన్నావు కదా, పారేయబోయే ట్యూబును పొడవునా కోసి చూడు. ముద్ద నాజిల్ దగ్గర మొదలైందా, బిళ్ళ దగ్గరా, గోడ వెంబడా అన్నది కంటికే కనబడుతుంది. బిళ్ళ దగ్గర మొదలైతే ముందువైపు ఎన్ని స్క్రూలు పెట్టినా ప్రయోజనం ఉండదు.

జాగ్రత్త నాజిల్ కోసేటప్పుడే మొదలుపెట్టాలి. పనికి ఎంత సన్నని రంధ్రం చాలుతుందో అంతే కోయి. పని అవగానే గన్ను వెనుక మీట నొక్కి ఒత్తిడి వదిలేయి. కడ్డీకి సీలెంట్ అంటుకుని ఉంటే అది వెనక్కి వచ్చేటప్పుడు బిళ్ళను కూడా లాగుతుంది, ముందునుంచి గాలి లోపలికి పోతుంది. కాబట్టి కడ్డీని తుడిచి, మెల్లగా విడదీయి. నాజిల్ నిండుగా ఉండగానే చివర ఒక అంగుళం సీలెంట్ బయటికి వదులు. అదే గట్టిపడి బిరడా అవుతుంది. ఇక లోపలికి పోవాలంటే చెమ్మ ఆ గట్టి పొరను దాటి రావాలి. పొర మందమయ్యేకొద్దీ ఆ దారి నెమ్మదిస్తుంది. అందుకే పొడవైన సన్నని నాజిల్ మంచి కాపలా, పొట్టిగా వెడల్పుగా కోసిన నాజిల్ తెరిచిన తలుపు. రాయగడ మేస్త్రి గారు చెప్పిన స్క్రూను బయటికి వదిలిన సీలెంట్ మెత్తగా ఉన్నప్పుడే పెట్టాలి.

తరువాత వెనుకవైపు బాగా తుడిచి, ఏసీ పనివాళ్ళు వాడే అల్యూమినియం టేపును బిళ్ళ ఉన్న వైపు నిండా అతికించు. ప్లాస్టిక్ సంచి నీటిని ఆపుతుంది గానీ ఆవిరిని పూర్తిగా ఆపదు. లోహపు రేకు ఆపుతుంది, గాజు ఆపుతుంది.

చివరికి దాచేచోటు. కార్ట్రిడ్జి పట్టేంత పొడవైన గాజు సీసా దొరకడం కష్టం. నేను మూడు అంగుళాల పీవీసీ పైపు ముక్క వాడతాను. ఒక చివర మూత జిగురుతో శాశ్వతంగా అతికించి, రెండో చివర రబ్బరు రింగు ఉన్న మరల మూత పెట్టుకున్నాను. లోపల తేమ పీల్చే సిలికా జెల్ పొట్లం, దాని పక్కన కార్ట్రిడ్జి. పైపు మీద ట్యూబు రకం, తెరిచిన తేదీ స్కెచ్ పెన్నుతో రాస్తాను. పాకలో నేలమీద కాకుండా ఇంట్లో చల్లటి గదిలో ఉంచుతాను. తయారీదారులు 25 డిగ్రీల లోపు ఉంచమని రాసేది తెరవని ట్యూబుల గురించి. మే నెలలో ఇసుక మీది పాకలో ఆ వేడి ఎక్కడికి పోతుందో నీకు నేను చెప్పనక్కరలేదు.

చిన్న అల్యూమినియం ట్యూబు అయితే పని ఇంకా తేలిక. పళ్ళ పేస్టు ట్యూబులాగా తోకనుంచి మడుస్తూ రా. సీలెంట్ మూతి దాకా వచ్చి, లోపల గాలి బుడగ లేదని తేలాకే మూత బిగించు. అల్యూమినియం నొక్కినచోటే నిలుస్తుంది, ప్లాస్టిక్ ట్యూబు మాత్రం వదలగానే ఉబ్బి గాలి పీలుస్తుంది. మూతి మరలను తుడిచి, పలుచగా వాసలిన్ రాస్తే మూత అతుక్కుపోదు. ఆ వాసలిన్ అతికించే చోటికి మాత్రం తగలకూడదు.

డీజిల్ మాటే ఎత్తకు. ఆ సరంగు గారు మంచి మనసుతోనే చెప్పి ఉంటారు. కానీ నాజిల్‌లో మిగిలిన ఆ నూనె తరువాతి పనిలో మొదటి ధారతోపాటు బోల్టు చుట్టూ చేరుతుంది. నూనె తగిలిన ఫైబరుకు ఏ సీలెంటూ పట్టదు. పైకి చూస్తే చక్కగా ఉంటుంది, అల దెబ్బకు ఒక మూల లేస్తుంది.

ఇవన్నీ మిగిలినదాన్ని దాచే మార్గాలు. అసలు మిగలకుండా చూసుకోవడం ఇంతకంటే మంచిదని నా గట్టి అభిప్రాయం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధంలో చాలా పడవలు ఒడ్డునే ఉంటాయి. అప్పుడే చుట్టుపక్కల వాళ్ళందరి సీలెంట్ పనులు కూడగట్టు. ఒకరోజు అన్ని పడవల పాత సీలెంట్ గీకి, కడిగి, ఆరబెట్టి సిద్ధం చేసుకో. మర్నాడు ట్యూబు తెరిచి వరుసగా పూసుకుంటూ పో. ఖర్చు అందరికీ పంచు. మా రేవులో ఇప్పుడు ఇదే పద్ధతి.

మా నాన్నగారి కాలంలో ఈ బెడదే లేదు. కుట్టు పడవలో మేకులు కూడా ఉండవు. పలకల్ని కొబ్బరి పీచు తాడుతో కుట్టి, కుట్టు కింద గడ్డి ఒత్తేవారు. నీరు వస్తే ఆ కుట్టు విప్పి మళ్ళీ బిగించేవారు. ఫైబరుకు ఆ సౌకర్యం లేదు కాబట్టి ట్యూబును కాపాడుకోవాల్సిందే.

బరంపురం కెమిస్ట్రీ టీచరు:

సోనపురం వారు చెప్పినదానికి రసాయన శాస్త్రం వైపునుంచి కొంత కలుపుతాను. పాలీయురేథేన్‌లో ఐసోసయనేట్ అనే భాగాలు ఉంటాయి. అవి నీటితో కలిసినప్పుడు కార్బన్ డయాక్సైడ్ విడుదలై, పక్కపక్కనున్న అణువుల గొలుసులు ముడిపడతాయి. పాత ట్యూబు కోస్తే ముద్దలో చిన్న చిన్న బుడగలు కనబడేది ఆ వాయువు వల్లే.

బియ్యం సలహా వినకండి. నిల్వ బియ్యంలో దాని బరువులో 12 నుంచి 14 శాతం దాకా నీరే ఉంటుంది. బియ్యం నింపిన డబ్బాలో గాలి తేమ 60 శాతానికి పైనే నిలబడుతుంది. మీరు ట్యూబుకు పొడి గాలి ఇస్తున్నామనుకుంటూ తేమ గాలి ఇస్తున్నారు.

సిలికా జెల్ లెక్క చూడండి. 30 డిగ్రీల వేడిలో, 80 శాతం తేమలో ఘనపు మీటరు గాలిలో సుమారు 24 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. అంటే ఒక లీటరు డబ్బాలో ఉండేది 24 మిల్లీగ్రాములు. పది గ్రాముల మంచి సిలికా జెల్ ఒక గ్రాముకు పైగా నీటిని తేలికగా పట్టుకుంటుంది. కాబట్టి డబ్బాలో ఉన్న గాలిని పొడిగా చేయడం దానికి పెద్ద పని కాదు. పొట్లం ఓడిపోయేది వదులు మూత వల్ల, మాటిమాటికీ తెరవడం వల్ల. రెండు పొట్లాలు వేసే బదులు మూత రబ్బరు చూసుకోండి.

కొందరు కాల్చిన గుల్ల సున్నాన్ని, నీళ్ళు తగలనిది, వాడదామా అని అడుగుతారు. నీళ్ళు తగలని ఆ సున్నం నీటిని గట్టిగా లాగుతుంది, నిజమే. 56 గ్రాములు 18 గ్రాముల నీటిని కలుపుకుంటుంది. కానీ అది ఉబ్బుతుంది, తడి తగిలితే వేడెక్కుతుంది, కంట్లో పడితే చాలా ప్రమాదం. పిల్లలు తిరిగే ఇంట్లో వద్దు.

ఇక ఫ్రిజ్. పనిచేస్తుంది, ఎందుకంటే చలిలో ఈ చర్య బాగా నెమ్మదిస్తుంది. కానీ ఫ్రిజ్ ఉంది కదా అని మూత వదులుగా పెట్టకూడదు. ట్యూబు ముందు గాలి చొరని డబ్బాలో ఉండాలి, ఆ డబ్బా ఫ్రిజ్‌లో ఉండాలి. బయటికి తీసినప్పుడు వెంటనే తెరవకండి. మన తీరంలో వానాకాలపు గాలి 26 డిగ్రీల చుట్టూ ఉన్న వస్తువు మీద కూడా చెమ్మ కడుతుంది. 5 డిగ్రీల ట్యూబు నిమిషాల్లో తడిసిపోతుంది. ముందురోజు రాత్రే డబ్బాతో సహా బయట పెట్టి, పొద్దున తెరవండి. అన్నం, పాలు ఉండే ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి. ఐసోసయనేట్ ఊపిరికి, చర్మానికి మంచిది కాదు. పనిచేసేటప్పుడు కూడా చేతి తొడుగులు వేసుకోండి.

సోనపురం రేవు:

టీచరు గారు ఫ్రిజ్ గురించి చెప్పింది అక్షరాలా నిజం. ఒక్కటే కలుపుతాను. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. ఆ తరువాత కరెంటు కోసం ఎదురుచూసిన వాళ్ళకు తెలుసు, ఫ్రిజ్ మీదే ఆధారపడకూడదని. సీలెంట్‌తో అసలు పని పడేది కూడా తుఫాను తరువాతే. కరెంటు లేకపోయినా నిలబడేది పైపు డబ్బాయే. చేపల ఐసు పెట్టెలో పెడదామని కొందరు అంటారు, అక్కడ కరిగిన నీళ్ళే ఎక్కువ, వద్దు.

గోపాల్‌పూర్ ఫైబర్ పని:

సోనపురం బాబాయి గారూ, టీచరు గారూ, మేస్త్రి గారూ, ధన్యవాదాలు. పాత ట్యూబు కోసి చూశాను. ముద్ద బిళ్ళ చుట్టూ ఒక రింగులాగా పట్టి ఉంది, ముందువైపు మెత్తగానే ఉంది. బాబాయి గారు చెప్పినట్టు వెనుకనుంచే వస్తోందని తేలింది.

రెండు సందేహాలు మిగిలాయి. దాచిన ట్యూబును మళ్ళీ వాడేముందు ఏం చూడాలి? సిలికాన్, హైబ్రిడ్ అని రాసిన రకాలకు కూడా ఇవే జాగ్రత్తలా?

సోనపురం రేవు:

రకాల సంగతి ముందు చెబుతాను. హైబ్రిడ్ లేదా ఎంఎస్ పాలిమర్ అని రాసినవి, సిలికాన్, ఇవన్నీ చెమ్మతోనే గట్టిపడతాయి. జాగ్రత్తలు అవే. వెనిగర్ వాసన వచ్చే బాత్రూము సిలికాన్ లోహాన్ని తింటుంది. అది ఒకసారి తగిలిన చోట మళ్ళీ వేరే ఏదీ పట్టదు. పడవకు దాన్ని దరిచేరనీయకు. రెండు డబ్బాలు కలిపే పాలీసల్ఫైడ్ రకం కలిపేదాకా గట్టిపడదు కాబట్టి దాచడం సులువు. కానీ పాలీకార్బొనేట్, యాక్రిలిక్ అద్దాలకు దాన్ని వాడకూడదు. నీటి మట్టానికి పైన ఉండే కొక్కేలకు, రెయిలింగులకు బ్యూటైల్ టేపు చాలు. అది గట్టిపడేదే కాదు, కాబట్టి దాచే బాధ అసలే లేదు. నీ సీలెంట్ పనుల్లో కొన్నింటిని అటు మళ్ళించవచ్చు.

ఇక పరీక్ష. స్క్రూ లాగిన తరువాత మొదట వచ్చే రెండు అంగుళాలు పారేయి. తరువాతి ధారను శుభ్రం చేసిన ఫైబర్ ముక్క మీద పెట్టి, వేలితో సన్నగా సాగదీయి. నున్నగా, ఏకధాటిగా పరుచుకోవాలి. ఇసుక రేణువుల్లాంటి పలుకులు తగిలినా, దారాలు దారాలుగా తెగినా, గన్ను మీట మామూలు కంటే బిగుసుకున్నా ఆ ట్యూబు అయిపోయిందన్నమాట. ధార బాగానే ఉంటే ట్యూబు మీద రాసిన సమయానికి పైపొర కడుతోందో లేదో చూడు. గట్టిపడాక ఆ ముక్కనుంచి గోటితో లేపి చూడు. అంచునుంచి శుభ్రంగా లేచి వస్తే అతుకు పట్టలేదు. చిరిగిపోయి కొంత ఫైబరు మీదే మిగిలితే పట్టింది. త్రీఎం 5200 అనే పాలీయురేథేన్ సీలెంట్‌లో మామూలు రకం పూర్తిగా గట్టిపడటానికి 5 నుంచి 7 రోజులు పడుతుంది, కాబట్టి ఈ పరీక్ష పని ఉన్న రోజు చేసేది కాదు. ముందువారమే చేసి పెట్టుకోవాలి.

సగం చిక్కబడిన సీలెంట్ బయటికి వస్తుంది, ఆకారం కూడా నిలుస్తుంది. కానీ ఉపరితలానికి పూర్తిగా అంటి పరుచుకోదు, అందుకే అతుకు పట్టదు. ద్రావకం కలిపి పలుచన చేసినా పోయిన బలం తిరిగి రాదు.

దాచిన ట్యూబు పరీక్షలో నెగ్గినా నేను నీటి మట్టానికి పై పనులకే వాడతాను. వెనుక పలక బోల్టులకు, అడుగున ఉన్న బిరడాకు ఎప్పుడూ కొత్త ట్యూబే తెరుస్తాను. నువ్వూ అలాగే చెయ్యి తమ్ముడూ. ఎవరైనా డబ్బు తగ్గించమని అడిగితే కూలి తగ్గించు, ట్యూబు దగ్గర తగ్గించకు.

రాయగడ గ్లాసు మేస్త్రి:

కొనేటప్పుడు తయారీ తేదీ చూడండి. కార్ట్రిడ్జిలకు సాధారణంగా తయారైననాటినుంచి 12 నెలలే గడువు ఉంటుంది. దూరంనుంచి తెప్పించేవాళ్ళకు దుకాణంలో మూలపడిన సరుకు అంటగట్టే అవకాశం ఎక్కువ. తేదీ కనబడేలా ఫోటో పంపమని అడిగాకే డబ్బు కట్టండి.

గోపాల్‌పూర్ ఫైబర్ పని:

చాలా ఉపయోగపడింది. పైపు ముక్క, మూతలు బరంపురం బడాబజార్‌లో చూస్తాను. టీచరు గారూ, సిలికా జెల్ పొట్లాలు చెప్పుల డబ్బాల్లో వచ్చినవి కొన్ని దాచి ఉన్నాయి. అవి పనికివస్తాయా?

బరంపురం కెమిస్ట్రీ టీచరు:

చెప్పుల డబ్బాలో వచ్చినవి అప్పటికే తేమ తాగి ఉంటాయి. ఉన్నవి ఉన్నట్టు వేస్తే లాభం లేదు. రంగు మారే గింజలు విడిగా కొనండి. నారింజ రంగువి తడిస్తే ఆకుపచ్చగా మారతాయి, చూడగానే తెలుస్తుంది. నీలం గింజలు కూడా దొరుకుతాయి, తడిస్తే గులాబీ రంగుకు వస్తాయి. కానీ వాటిలో కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది, అది ఆరోగ్యానికి మంచిది కాదు. నారింజవే తీసుకోండి. ఆకుపచ్చగా మారినప్పుడు 120 డిగ్రీల దగ్గర రెండు మూడు గంటలు ఆరబెడితే మళ్ళీ నారింజకు వస్తాయి. వంటకు వాడని పాత మూకుడు ఒకటి దీనికోసమే పక్కన పెట్టుకోండి, మంట సన్నగా ఉంచండి. పూర్తిగా చల్లారేదాకా బయట వదిలితే మళ్ళీ తేమ తాగుతాయి. గోరువెచ్చగా ఉండగానే పలుచని గుడ్డ సంచిలో కట్టి, పైపులో వేసి మూత బిగించండి.